నువ్వుగింజ

గాజు ఇవతల కూర్చుంటాను నేను.
అవతల వెకేసా. గొంతు అతనిది,
ఆ గొంతు వెనక గడియారం నాది.
"ముప్పై సెకన్లు" అంటాను అతని చెవిలో,
"ఇరవై. ఆ షుగర్ కంపెనీ వదిలెయ్. పది."
నైరోబీలో ఏ టాక్సీవాడైనా అతన్ని మాటతోనే పోల్చుకుంటాడు.
నన్ను లిఫ్టు గుర్తుపడుతుంది,
అదీ కార్డు చూపిస్తేనే.

పద్దెనిమిదేళ్లుగా వాక్యాల నడుము కొలుస్తున్నాను.
"స్థూల ఆర్థిక అనిశ్చితి నేపథ్యంలో" అని రాసుకొస్తాడు
కొత్త కుర్రాడు కిప్రోనో.
"మీ అమ్మతో ఫోన్లో ఇలాగే మాట్లాడతావా?" అంటాను.
సిగ్గుపడి కొట్టేస్తాడు.
కొట్టేయగా మిగిలింది: ఉల్లిపాయ ధర మళ్లీ పెరిగింది.
మూడు సెకన్లు ఆదా.

మార్కెట్‌కి మేమిచ్చిన ఒళ్లు చూడండి,
అది జారుతుంది, కోలుకుంటుంది, బెదురుతుంది,
వడ్డీ రేట్ల కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంది.
చెమట మాత్రం పట్టదు దానికి.
మొంబాసా టీ వేలంలో కిలోకి నాలుగు సెంట్లు తగ్గితే
"స్వల్పంగా" అని రాయాలి.
కిసీ కొండల మీద ఆ నాలుగు సెంట్లనీ
వీపున బుట్టలో మోసిన మా మేనత్త
స్వల్పంగా అన్న మాట వినగానే
రేడియో చెవి మెలేస్తుంది.

ఇవాళ పద్నాలుగు.
రాత్రి తొమ్మిదీ పదికి కాగితం వచ్చింది:
పెట్రోలు లీటరుకి పదకొండు షిల్లింగులు పైకి.
పైన ఎర్రక్షరాల్లో, అర్ధరాత్రి దాకా ప్రసారం చేయరాదు.

నోట్లో నువ్వుగింజ నాననివాళ్లు
ఈ ఉద్యోగానికి పనికిరారు.
నా నోట్లో ఎన్ని నానాయో.
రెండు బ్యాంకుల పెళ్లి, ఒక ఎయిర్‌లైన్స్ దివాలా,
మా అన్న పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ మూతబడుతుందని
అతనికన్నా రెండు రోజుల ముందు.
ఆ ఆదివారం వాళ్లింట్లోనే భోంచేశాను.
కొత్త సోఫా కొన్నాడు, వాయిదాల మీద.
"కూర్చో, ఎంత మెత్తగా ఉందో చూడు" అన్నాడు.
కూర్చున్నాను.

అర్ధరాత్రి బులెటిన్ రికార్డు చేయించి
కిప్రోనో చేతిలో పెట్టి
పదకొండున్నరకి కిందికి దిగాను.
గేటు దగ్గర ముతిసో బైకు లేదు.
ఆరేళ్లలో ఒక్కరోజూ ఆలస్యం చేయనివాడు.
వస్తే ఏమనాలో మెట్ల మీదే రాసుకున్నాను,
నాలుగు సెకన్ల వాక్యం:
"ముతిసో, ట్యాంకు నిండా ఉందా? ఊరికే అడిగాను."
ఎక్కడా నియమం తప్పదు అందులో.
ప్రతి మాటా తూచి వేసిందే.

పావుగంటకి వచ్చాడు, పెట్రోలు వాసనతో.
"ఏమనుకోకు సిస్టర్, బంకు దగ్గర పెద్ద లైను.
రేటు పెరుగుతోంది కదా."
ఎవరు చెప్పారన్నాను.
"సాయంత్రం నాలుగు బంకులు ఒకేసారి స్టాకు లేదన్నాయి.
అందరం ఐదోదాని మీద పడ్డాం.
ఇంకా ఒకరు చెప్పాలా?"

నా నోట్లో నువ్వుగింజ అలాగే ఉంది,
ఎవరికీ అక్కర్లేకుండా.

బైకు న్గోంగ్ రోడ్డెక్కింది.
అతని చొక్కా జేబులో చిన్న రేడియో.
సరిగ్గా పన్నెండుకి వెకేసా గొంతు.
నేను కూర్చిన వాక్యాలు గాలికి పీలికలై
నా ముఖానికే తగిలాయి.
పదకొండు షిల్లింగులన్నది మాత్రం ఎక్కడా చిరగలేదు.
"మనిషి భలే చెప్తాడు" అన్నాడు ముతిసో.
అవునన్నాను.

దిగి, ఎప్పటిలాగే నూరిచ్చాను.
ఒక క్షణం ఆగి, ఇంకో ఇరవై తీశాను.
ఆ ఇరవై నా చేతిలోనే మడిచిపెట్టాడు.
"రేపట్నించి" అన్నాడు.
"ఈ పెట్రోలు పాత రేటుది."